అణు కేంద్రపు విత్తనం గురించి భయం వద్దు, శివారు చేలో పరీక్ష కావాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

సార్వా (ఖరీఫ్) ఆకుమడులు పోసే రోజులు దగ్గరపడితే గోదావరి డెల్టాలో ఏ అరుగు మీద నలుగురు కూర్చున్నా మాట విత్తనం మీదికే పోతుంది. ఈ మధ్య ఆ మాటల్లో రెండు నమ్మకాలు బలంగా వినిపిస్తున్నాయి. అణు పరిశోధన కేంద్రంలో కిరణాలు పట్టించి తయారుచేసిన రకాలు తింటే ఆ కిరణాలు మన ఒంట్లోకి కూడా చేరతాయన్నది ఒకటి. ఉప్పు తగిలిన చేలో నాలుగైదేళ్ళు వరసగా పండించిన విత్తనం ఉప్పుకు అలవాటు పడుతుందని, బయట కొనకుండా దాన్నే దాచుకుంటే చాలునని అనుకోవడం రెండోది. మొదటిదానివల్ల పనికివచ్చే రకాలు కొన్ని మన దాకా రాకుండా పోతున్నాయి, రెండోదానివల్ల సముద్రం వైపు గ్రామాల్లో కౌలు రైతులు ఏటా పెట్టుబడి పోగొట్టుకుంటున్నారు. కష్టం వచ్చినప్పుడు మొక్క తన జన్యువులతో ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో తెలియకపోవడం వల్లనే ఈ రెండు నమ్మకాలూ నిలబడి ఉన్నాయని నా అభిప్రాయం. వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిగా, చివరి ఆయకట్టులో ఇప్పటికీ వరి పండిస్తున్నవాడిగా ఈ సంగతిని మీ పాఠకుల ముందు ఉంచదలిచాను. ఉత్తరం పొడుగైనందుకు మన్నించి ప్రచురించవలసిందిగా ప్రార్థన.

ముందు కిరణాల సంగతి. విత్తనాలకు సాధారణంగా కోబాల్ట్-60 నుంచి వెలువడే గామా కిరణాలను పట్టిస్తారు. ఎండిన వరి గింజకు ఇచ్చే మోతాదు చాలావరకు 150 నుంచి 350 గ్రేల (కిరణాల మోతాదును కొలిచే ప్రమాణం గ్రే) మధ్య ఉంటుంది. మనిషి శరీరమంతటికీ ఒక్కసారిగా 4, 5 గ్రేలు తగిలి, వైద్యం అందకపోతే సగం మంది బతకరు. అంతటి మోతాదును గింజ తట్టుకోవడానికి ముఖ్య కారణం అందులో తేమ చాలా తక్కువగా ఉండటం, జీవక్రియ దాదాపు నిద్రలో ఉండటం. గామా కిరణం గింజలోంచి దూసుకుపోతుంది, కానీ తన వెనక రేడియోధార్మిక పదార్థాన్ని దేన్నీ వదిలిపెట్టదు. కాబట్టి కిరణాలు పట్టించిన గింజ కూడా రేడియోధార్మికం కాదు. ఇక మన చేలో వేసేది ఆ గింజ సైతం కాదు, దానికి అనేక తరాల తర్వాతి సంతానం. మట్టిలో సీజియం వంటి రేడియోధార్మిక మూలకాలు పడి, వేళ్ళ ద్వారా పంటలోకి చేరడం పూర్తిగా వేరే విషయం. అణు ప్రమాదాలు జరిగిన చోట్ల భయపడవలసింది దానికి. ఈ రెండింటినీ ఒకటిగా కలిపి చూడటం వల్లే చిక్కంతా వచ్చింది.

ఆ కిరణం గింజలో చేసే పని ఏమిటంటే, కణంలోని డీఎన్‌ఏ పోగులను కొన్ని చోట్ల నేరుగా తెంపుతుంది, కొన్ని చోట్ల నీటి అణువులను చీల్చి తీవ్రమైన ఆక్సిజన్ రూపాలను పుట్టించి, వాటి ద్వారా దెబ్బతీస్తుంది. వరి డీఎన్‌ఏలో జన్యు రాతకు అక్షరాల్లాంటి రసాయన భాగాలు సుమారు 39 కోట్లు 12 క్రోమోజోములుగా అమరి ఉన్నాయి. వాటిని చదివి 2005లో ప్రకటించిన అంతర్జాతీయ బృందంలో మన దేశం కూడా భాగస్వామి. తెగిన చోటును మొక్క గుర్తుపట్టి అతుకు వేసుకుంటుంది. జంతువుల్లో ఈ కాపలా పని చేసే పీ-53 అనే ప్రోటీను మొక్కల్లో లేదు. దాని స్థానంలో సాగ్-1 అనే మరో నియంత్రకం ఉంది. అది బాగుచేసే జన్యువులను మేల్కొలుపుతుంది, కణ విభజనను ఆపుతుంది, మరీ దెబ్బతిన్న కణాలు మొలక కొసలో ఉంటే వాటిని చంపి పక్కన ఉన్న మంచి కణాలకు చోటు ఇప్పిస్తుంది. అతుకు సరిగ్గా పడితే ఏ మార్పూ మిగలదు. తప్పుగా పడితే ఒకటో రెండో అక్షరాలు మారతాయి, లేదా కొన్ని రాలిపోతాయి. అలా మిగిలిపోయిన మార్పునే ఉత్పరివర్తనం అంటున్నాం. మార్పు ఎక్కడ పడుతుందో మనిషి చేతుల్లో లేదు. చాలా మార్పులు మొక్కను ఏమీ చేయవు, ఏదైనా చేసేవాటిలో ఎక్కువ కీడే చేస్తాయి, ఎక్కడో ఒకటి మనకు పనికివస్తుంది. ఆ ఒక్కదాని కోసం రెండో తరంలో వేల మొక్కలను విడివిడిగా నాటి, ఒక్కొక్క దుబ్బునూ చూసి ఏరుకోవాలి. అంతటితో ఆగకుండా, ఆ లక్షణం స్థిరపడే దాకా మరో నాలుగైదు తరాలు పండించాలి.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. ఎక్స్ కిరణాల వల్ల జన్యువులు మారతాయని 1927లో ఈగల మీద హెర్మన్ ముల్లర్ చూపించారు. మరుసటి సంవత్సరమే లూయిస్ స్టాడ్లర్ బార్లీ మీద అదే సంగతిని ప్రకటించారు. మన దేశంలో సొనోరా 64 గోధుమకు గామా కిరణాలు పట్టించి ఎం.ఎస్. స్వామినాథన్ గారి బృందం 1967లో షర్బతీ సొనోరాను ఇచ్చింది. ఎర్రగింజ గోధుమ మనవాళ్ళకు నచ్చే పసిమి రంగుకు మారింది ఆ విధంగానే. ఆంధ్రప్రదేశ్‌లో హెచ్.సి.-6 అనే ఆముదానికి న్యూట్రాన్లు పట్టించి తీసిన అరుణ రకం, సుమారు 9 నెలలు పట్టే పంటను 5 నెలల లోపుకు దించింది. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం ఇచ్చిన టీఏజీ-24 వేరుసెనగను దేశమంతటా ఏళ్ళ తరబడి పండించారు, తిన్నారు. వరి కోసిన మాగాణిలో చల్లుకోవడానికి, బూడిద తెగులును తట్టుకునేలా 2007లో మన రాష్ట్రానికి విడుదలైన టీఎం 96-2 పెసర కూడా ఆ కేంద్రంలోనే పుట్టింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నడిపే పట్టికలో ఇలాంటి రకాలు ప్రపంచమంతటా 3,300కు పైగా నమోదయ్యాయి. కొత్తగా వస్తున్నాయని మనం జంకుతున్నవి ఇంతకాలంగా మన వంటింట్లోనే ఉన్నాయి.

కిరణాలు తెచ్చే మార్పుకూ ప్రకృతి తనంతట తాను తెచ్చే మార్పుకూ స్వభావంలో తేడా లేదని చెప్పడానికి మన జిల్లాలకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు 1967లో మన దేశంలో మొదటగా ఐ.ఆర్. 8 అనే పొట్టి వరి రకాన్ని పండించినవారిగా పేరు పొందారు. ఆ రకం పొట్టిగా ఉండి, ఎరువు ఎక్కువైనా పడిపోకుండా నిలబడటానికి కారణం తైవాన్ దేశవాళీ వరి నుంచి వచ్చిన ఒక జన్యువు. జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోన్ తయారీకి అవసరమైన ఆ జన్యువులో 383 అక్షరాలు ఎప్పుడో సహజంగా రాలిపోయాయి. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కాల్‌రోజ్ అనే పొడుగు వరికి గామా కిరణాలు పట్టించి పొట్టి రకాన్ని తీశారు. తర్వాత పరిశీలిస్తే అందులోనూ మారింది అదే జన్యువు, కాకపోతే ఒక్క అక్షరం మేరకు. ఒకచోట ప్రకృతి, మరొకచోట ప్రయోగశాల ఒకే తలుపు దగ్గరికి చేరాయి. మొదటి దాని అన్నం మంచిది, రెండో దాని అన్నం విషం అనడానికి శాస్త్రంలో ఆధారం ఏదీ లేదు.

ఇప్పుడు రెండో నమ్మకం దగ్గరికి వస్తాను. ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. కష్టం తగిలినప్పుడు మొక్క తనలో ఉన్న జన్యువుల్లో కొన్నిటిని పనిలోకి దింపడం, కొన్నిటిని ఆపడం ఒకటి. జన్యువు రాతే మారిపోవడం ఇంకొకటి. మొదటిది గంటల్లో జరుగుతుంది, కష్టం తీరాక చాలావరకు సర్దుకుంటుంది. రెండోది అరుదు, కానీ సంతానానికి దిగుతుంది. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదం జరిగిన తర్వాత, అక్కడికి దగ్గర్లోని ఈతాతే గ్రామంలో ఆరోగ్యమైన వరి నారును స్వల్ప గామా వికిరణానికి గురిచేసి శాస్త్రవేత్తలు ఆకులను పరిశీలించారు. డీఎన్‌ఏకు సంబంధించినవి, రక్షణకు సంబంధించినవి అయిన అనేక జన్యువుల పనితీరు కొద్ది గంటల నుంచి కొద్ది రోజుల లోపలే మారిపోయింది. అది మొదటి రకం స్పందన. 1986 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అక్కడి కలుషిత నేలలో గోధుమ పండించి చూస్తే, డీఎన్‌ఏలో మామూలుగానే తొందరగా మారే కొన్ని భాగాల్లో మార్పుల వేగం ఒక్క తరంలోనే సుమారు 6 రెట్లు పెరిగినట్టు 2000లో ప్రకటించారు. ఇది రెండో రకం. అక్కడి పైన్ చెట్ల డీఎన్‌ఏ మీద మిథైల్ అనే రసాయనపు గుర్తులు కూడా ఎక్కువగా కనిపించాయి. జన్యువు రాత మారకుండా దాని పనిని మార్చగల గుర్తులవి. అటువంటివి కొన్ని మొక్కల్లో ఒకటి రెండు తరాలు నిలుస్తాయన్న మాట నిజమే గాని, వాటిని నమ్ముకుని ఎకరా చేను ఊడ్చగలిగేంత నిలకడ వాటికి లేదు.

ఉప్పు తగిలిన చేనుకు ఇది ఎలా వర్తిస్తుందో చూద్దాం. ఉప్పు, ఎండ, వరద, వికిరణం ఇవన్నీ కణంలో చివరికి అదే తీవ్రమైన ఆక్సిజన్‌ను పెంచుతాయి, అందుకే వాటికి మొక్క ఇచ్చే జవాబుల్లో చాలా పోలిక ఉంటుంది. అంతమాత్రాన ఒక పంటకాలం ఉప్పు తిన్న మొక్క ఆ అనుభవాన్ని విత్తనంలో దాచిపెట్టి ఇవ్వదు. పైగా మనం వేసే మెరుగు రకం తనలో తానే పరాగసంపర్కం జరుపుకునే పంట, చేనంతా దాదాపు ఒకే జన్యు రాత. ఏరుకోవడానికి తేడా ఉంటేనే ఏరుకోగలం. తేడాయే లేని చేలో నాలుగేళ్ళు గాదు, నలభై ఏళ్ళు విత్తనం దాచినా ఉప్పు దానికి నేర్పేది స్వల్పం. పెద్దల అనుభవంలో ఇది నిజమైంది కదా అని అడిగేవారికి నేను చెప్పేది ఇది: వారి కాలంలో వేసినవి దేశవాళీ రకాలు, ఒక్క చేలోనే రకరకాల మొక్కలు ఉండేవి, ఉప్పు తట్టుకోలేనివి చచ్చి, తట్టుకున్నవి మిగిలి, తరతరాలకు ఆ విత్తనమే గట్టిపడింది. కేరళ తీరంలో సముద్రపు ఆటుపోట్ల నేలల్లో పండే పొక్కాలి వరి అలా రూపుదిద్దుకున్నదే. ఆ పెద్దల పద్ధతి సరైనదే, దానికి కావలసిన వైవిధ్యమే మన చేలోంచి వెళ్ళిపోయింది.

పొక్కాలిలో ఉన్న శక్తి ఎక్కడిదో ఇప్పుడు చాలావరకు తెలుసు. 1వ క్రోమోజోము మీద సాల్టాల్ అని పిలిచే భాగం ఒకటి ఉంది. అదే ప్రాంతంలో ఉండే హెచ్.కె.టి. 1;5 అనే జన్యువు, వేళ్ళ నుంచి ఆకులకు నీరు ఎక్కే గొట్టాల్లోంచి సోడియాన్ని వెనక్కు లాగుతుంది. ఆకుకు పొటాషియం చేరుతుంది, ఉప్పు తక్కువగా చేరుతుంది. బెంగాల్ వైపు నోనా బోక్రా అనే దేశవాళీ వరిలో ఈ జన్యువు పనితీరును 2005లో విడమరిచారు. మట్టిలో ఉప్పు ఎంత ఉందో తెలిపేలా మట్టి పరీక్ష కార్డులో ఈ.సీ. అని రాసి ఉండే అంకె 3 డెసీసీమెన్స్ దాటితే మామూలు వరికి దిగుబడి తగ్గడం మొదలవుతుంది, ఆపై ప్రతి అంకెకూ సుమారు 12 శాతం చొప్పున పడిపోతుంది. ఊడ్చిన కొత్తలోనూ, పూత సమయంలోనూ వరి ఉప్పుకు మరీ సుకుమారం. ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన, సఖినేటిపల్లి, మొగల్తూరు మండలాల రైతులకు ఈ అంకెలు తెలియకపోయినా, ఆకు కొసలు మాడి, చేను అక్కడక్కడా చచ్చి, కంకిలో తాలు నిండటం కళ్ళారా తెలుసు. దాళ్వాకు (రబీకి) కాలువ నీరు చివరిదాకా రాక బోరు నీరు తోడుకోవడం, రొయ్యల చెరువుల ఉప్పునీరు మురుగు కాలువల్లో కలవడం, పోటు సమయంలో సముద్రపు నీరు ఆ కాలువల వెంట ఎగదన్నడం, అన్నీ కలిసి ఈ నష్టాన్ని ఏటికేడు లోపలికి తెస్తున్నాయి. పొక్కాలిని తెచ్చి నేరుగా మన చేలో వేసుకుందామంటే అది ఎత్తుగా పెరిగి పడిపోయే రకం, గింజ కూడా మన మిల్లు అడిగేది కాదు. కనుక దానిలోని ఆ భాగాన్ని మన రకాల్లోకి తేవాలి, లేదా మన రకాల్లోనే కొత్త వైవిధ్యం పుట్టించి వెతకాలి.

మొదటి దారి ఫలించగలదని వరద విషయంలో రుజువైంది, అందులో మన డెల్టా పాత్ర గర్వించదగినది. మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ, అదే ఎం.టి.యు. 7029, తూర్పు భారతమంతటా పాకింది. కానీ నీట మునిగితే తట్టుకోలేదు. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఏ అనే పాత వరి మాత్రం రెండు వారాల దాకా నిండా మునిగి కూడా లేచి నిలబడేది. అందులోని సబ్-1ఏ జన్యువును 2006లో గుర్తించారు. మునిగిన మొక్కలో ఎథిలీన్ వాయువు పోగుపడుతుంది. మామూలు వరి ఆ సూచన అందగానే గాలి కోసం పైకి సాగాలని ప్రయత్నించి ఉన్న పిండి పదార్థమంతా ఖర్చు పెట్టుకుంటుంది, నీరు తీశాక లేవడానికి ఓపిక ఉండదు. సబ్-1ఏ ఉన్న మొక్క, తదుపరి పంట ఎప్పుడో తెలియని ఇంట్లో గాదెకు తాళం వేసినట్టు, ఎదుగుదలను ఆపి నిల్వను కాపాడుకుంటుంది. జన్యువు ఉన్నదీ లేనిదీ డీఎన్‌ఏ గుర్తులతో చూసుకుంటూ స్వర్ణతో మళ్ళీ మళ్ళీ సంకరం చేసి తీసిన స్వర్ణ-సబ్ 1 మన దేశంలో 2009లో విడుదలైంది. రుచి, గింజ, దిగుబడి స్వర్ణవే. అయితే దీని పరిమితిని రైతుకు అంతే స్పష్టంగా చెప్పాలి. ఇది రెండు వారాల లోపు పూర్తి మునకను, అదీ పిలకల దశలో, తట్టుకోవడానికి వచ్చిన శక్తి. పూత మీద ముంచితే ఏమీ చేయలేదు. మురుగు పోక మోకాలి లోతు నీరు నెలా రెండు నెలలు నిలిచే చేనుకు ఇది మందు కాదు. అక్కడ ఎదుగుదలను ఆపే గుణమే అడ్డం కావచ్చు, ఎదిగే గుణం కావాలి. లోతునీటి వరిలో స్నోర్కెల్ అని పేరుపెట్టిన జన్యువులు అదే ఎథిలీన్‌కు సరిగ్గా వ్యతిరేకంగా స్పందించి కాండాన్ని సాగదీస్తాయి. ఒకే సూచన, రెండు జవాబులు. ఏది మేలన్నది ఆ చేలో నీరు ఎన్నాళ్ళు నిలుస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు దాటిపోయినప్పటి ముంపూ, పూడిపోయిన మురుగు కాలువ వల్ల ఏటా వచ్చే ముంపూ మొక్కకు ఒకటి కావు. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో ఈ మురుగు సమస్య కూడా ఉంది. జన్యువు మురుగు కాలువ తవ్వదు. ఆ పని ప్రభుత్వమే చేయాలి.

రెండో దారి, అంటే వికిరణంతో వైవిధ్యం పుట్టించడం, ఉప్పు విషయంలో ఎందుకు ఆశ కలిగిస్తుందో చెప్పడానికి ఒక విశేషం చెప్పాలి. వరి డీఎన్‌ఏలో ఒక చోటు నుంచి మరో చోటుకు దూకగల చిన్న చిన్న తునకలు ఉంటాయి. అటువంటి వాటిని మొక్కజొన్నలో కనిపెట్టినందుకు బార్బరా మెక్‌క్లింటాక్‌కు 1983లో నోబెల్ బహుమతి వచ్చింది. తీవ్రమైన దెబ్బ తగిలినప్పుడు జన్యు సంపద తనను తాను కలచివేసుకుంటుందని ఆమె భావించారు. గామా కిరణాలు పట్టించిన ఒక జపాన్ వరిలో ఎంపింగ్ అనే తునక మేల్కొని దూకుతున్నట్టు 2003లో బయటపడింది. అది వెళ్ళి ఒక జన్యువుకు ముందు కూర్చుంటే, ఆ జన్యువు అప్పటినుంచి చలికీ ఉప్పుకూ స్పందించడం మొదలుపెట్టిన సందర్భాలు 2009లో వెల్లడయ్యాయి. జన్యువు అదే, అది ఎప్పుడు పని చేయాలన్న ఆజ్ఞ మాత్రం కొత్తది. ఇందులో మొక్క తెలిసి చేసుకున్న పని ఏదీ లేదు. తునక ఎక్కడ పడుతుందన్నది యాదృచ్ఛికం, పడిన వాటిలో ఏది మిగలాలో నిర్ణయించేది మాత్రం ఆ మొక్క నిలబడిన నేల. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఈ చివరి మాటే.

ఎందుకంటే ఏరివేత జరిగే చోటు మంచి నల్లరేగడి, సకాలంలో నీరు, చక్కని మురుగు ఉన్న పరిశోధన క్షేత్రమైతే, అక్కడ ఉప్పు తట్టుకునే మొక్కకూ తట్టుకోలేని మొక్కకూ తేడా కనపడదు. దిగుబడిలో కొంచెం వెనకబడినందుకు మనకు కావలసిన మొక్కనే తీసి పారేసే ప్రమాదం ఉంది. కుండీల్లో, తొట్టెల్లో ఉప్పునీళ్ళు పోసి చేసే పరీక్ష మొదటి జల్లెడగా పనికివస్తుంది. కానీ మన శివారు చేలో ఉప్పు ఒక్కటే రాదు. జూలైలో మునక, అక్టోబరు, నవంబరులలో తుఫాను, దాళ్వా పూత సమయంలో 35 డిగ్రీలు దాటే ఎండ, వీటి మధ్య ఉప్పు వస్తుంది. పూత మీద ఆ వేడి తగిలితే పుప్పొడి పనిచేయక తాలు పెరుగుతుంది. నూర్పుకు ముందు తుఫాను తగిలితే పడిపోయిన చేలో, పనల మీద గింజ మొలకెత్తిపోతుంది. ఆ మొలకను కొన్ని రోజులు ఆపగలిగే నిద్రావస్థ కూడా జన్యువుల అదుపులోనే ఉంది, ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ అందులో ప్రధానం. 1996 నవంబరు తుఫానును చూసిన కోనసీమవారికి ఆ లక్షణం విలువ నేను చెప్పనక్కరలేదు. ఇన్ని లక్షణాలు ఒక్క మొక్కలో కలిశాయో లేదో తేల్చగలిగే ప్రయోగశాల ఉప్పలగుప్తం చేనే, మొగల్తూరు చేనే.

ఇటీవలి మరో పరిణామం ఈ మాటను మరింత అవసరం చేసింది. 2025 మే 4న కేంద్ర ప్రభుత్వం జన్యు సవరణ ద్వారా తయారైన రెండు వరి రకాలను ప్రకటించింది. వాటిలో పూసా డి.ఎస్.టి. రైస్ 1 అన్నది మార్టేరు బిడ్డ అయిన ఎం.టి.యు. 1010, మనం కాటన్ దొర సన్నాలు అని పిలుచుకునే రకంలోంచి వచ్చింది. కరువుకూ ఉప్పుకూ మొక్క స్పందించే తీరును అదుపుచేసే డి.ఎస్.టి. అనే జన్యువును అందులో సవరించారు. ఆ జన్యువు పనిచేయకపోతే ఆకు మీది రంధ్రాలు త్వరగా మూసుకుని నీటి ఖర్చు తగ్గుతుంది. వికిరణం గుడ్డిగా చేసేదాన్ని ఇక్కడ గురి చూసి చేశారు. ఈ పద్ధతి మీద దేశంలో వాదోపవాదాలు నడుస్తున్నాయి, వాటిలో నియమాలకూ హక్కులకూ సంబంధించిన ప్రశ్నలు న్యాయమైనవే. నా మటుకు నేను, రకం ఏ దారిలో వచ్చిందన్నది రెండో ప్రశ్నగానే చూస్తాను. సంకరం ద్వారా వచ్చినా, కిరణాల ద్వారా వచ్చినా, సవరణ ద్వారా వచ్చినా, మా ఉప్పు చేలో మూడు సార్వాలు, మూడు దాళ్వాలు నిలిచిందా అన్నది మొదటి ప్రశ్న. ఉప్పును తట్టుకుంటుందని ప్రకటనలో చదివి, ఎంత ఈ.సీ. దాకా, ఏ దశలో అన్నది తెలియకుండా రైతు ఎకరా ఊడ్చడం న్యాయం కాదు.

అందుచేత ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, వ్యవసాయ శాఖకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. మనవారు ఇప్పటికే ఇష్టపడి పండిస్తున్న మార్టేరు రకాల విత్తనానికి ట్రాంబే సహకారంతో కిరణాలు పట్టించి, ఏరివేత మొదలయ్యే రెండో తరాన్ని పరిశోధన క్షేత్రంతో పాటు సముద్రానికి దగ్గరి గ్రామాల్లో, ఒప్పుకున్న రైతుల చేలల్లో కూడా వేయాలి. అక్కడ పంట పోతే ఆ రైతు నష్టపోకుండా కౌలూ పెట్టుబడీ చెల్లించాలి. ఏ మొక్కను ఉంచాలో తీర్మానించేటప్పుడు శాస్త్రవేత్త పక్కన ఆ చేను దున్నినవారు, కలుపు తీసిన ఆడవారు కూడా నిలబడాలి. ఏ దుబ్బు ఏ వానకు పసుపు పడిందో, ఏది మళ్ళీ కోలుకుందో రోజూ చూసేది వారే. ఫలితాలను, పోయిన రకాలతో సహా, ప్రతి సంవత్సరం తెలుగులో రైతు సేవా కేంద్రాల గోడలకు అంటించాలి. విత్తనపు సంచి మీద పంటకాలం, దిగుబడితో పాటు ఆ రకం ఎన్ని రోజుల మునకకు, ఎంత ఈ.సీ.కి, ఏ దశలో, ఏ ఊరి నేలలో పరీక్షకు నిలిచిందో ముద్రించాలి. నిలవకపోతే ఆ సంగతి కూడా రాయాలి. లంకల్లో, తీర గ్రామాల్లో ఇంకా ఎక్కడైనా ఒకరిద్దరు పాత రకాల గింజలు కాపాడుతుంటే వాటిని సేకరించి, ఇచ్చినవారి ఊరి పేరుతో సహా భద్రపరచాలి. ఎఫ్.ఆర్. 13ఏను కూడా ఎవరో ఒకరు పనికిరాదని వదిలేసి ఉంటే స్వర్ణ-సబ్ 1 ఉండేది కాదు.

రైతు సోదరులకు, సోదరీమణులకు కూడా ఒక మాట. ఉప్పు చేలోంచి దాచిన స్వర్ణ విత్తనం మీద ఆశ పెట్టుకుని ఈ సార్వాకు ఆకుమడి పోయవద్దు. చేను మట్టిని ఊడ్పులకు ముందే పరీక్ష చేయించి ఈ.సీ. అంకె తెలుసుకోండి. అది 3 దాటి ఉంటే, ఏ రకం వేయాలో అడిగేటప్పుడు ఆ కార్డు చేతిలో పెట్టుకుని రైతు సేవా కేంద్రంలో అడగండి. ఆ అంకెకు సరిపోయే విత్తనం కేంద్రంలో లేదంటే, లేదని కాగితం మీద రాయించి తీసుకుని మండల వ్యవసాయాధికారికి ఇవ్వండి. అటువంటి కాగితాలు ఒక్కొక్క మండలం నుంచి వందల సంఖ్యలో చేరిన నాడు, శివారు చేలల్లో పరీక్షలు పెట్టడానికి చోటు లేదనీ, అవసరం కనపడలేదనీ ఎవరూ అనలేరు.

భవదీయుడు,
విశ్రాంత వృక్షశాస్త్ర ఉపన్యాసకుడు, వరి రైతు,
అమలాపురం దగ్గరి ఒక గ్రామం,
కోనసీమ జిల్లా.